ఈలక్క చీటీలో వచ్చిన క్రియ

సాయంకాలం కాలేజీలో ఇంగ్లీషు మేడమ్ స్టీలు డబ్బా మూత తీసి బెంచీల మధ్యకు వచ్చింది. డబ్బాలో మడత చీటీలు, చీటీకో ఇంగ్లీషు క్రియ. అన్నీ ముసలి క్రియలే. ఇంగ్లీషువాళ్లే నోటితో అనడం మానేసి, పాత నవలల్లోనూ నాటకాల్లోనూ వదిలేసినవి. ఎవరికి ఏది వస్తే దాని అర్థం మీద, సాహిత్యంలో దాని వాడకం మీద సెమినార్ ఇవ్వాలి. మందుల షాపులో పనిచేసే ఆయనకు 'బిసీచ్' వచ్చింది. కాళ్లావేళ్లా పడి వేడుకోవడం అన్నమాట. ఆయన అప్పుడే మేడమ్‌ను వేడుకోవడం మొదలుపెట్టాడు, చీటీ మార్చమని. టైలరుకు 'టారీ' వచ్చింది. తాత్సారం చేయడం. "నీకోసమే పుట్టింది ఆ మాట, నా జాకెట్టు గుడ్డ తీసుకుని ఎన్నాళ్లయిందో గుర్తుందా?" అని పక్క బెంచీ ఆవిడ దెప్పింది.

అంతలో చివరి బెంచీలోంచి గది అదిరేలా కేక.

"డాఫ్! మేడమ్, డాఫ్ వచ్చింది! ఇది నాది!"

"ఎవరు తీసింది వాళ్లదేనండీ. కూర్చోండి."

"అలా కాదు మేడమ్. ఇది నిజంగా నాదే. పొద్దున్నించీ ఇదే చేసి వచ్చాను."

క్లాసంతా గొల్లుమంది. మేడమ్‌కు అర్థం కాలేదు. అర్థం కావలసిన అవసరం అప్పటికి ఆమెకు లేదు కూడా. నలభై దాటిన ఈ విద్యార్థిని కన్నా ఆమె పదేళ్లు చిన్నది, గదిలో ముప్పయి మంది గోల ఆపే పనిలో ఉంది.

ఆ కేక పెట్టినావిడను మిల్లులో ఈలక్క అంటారు. అసలు పేరు హాజరు పట్టీకే తెలుసు. నూలు మిల్లులో పొడుగాటి ఫ్రేములుంటాయి. ఒక్కో ఫ్రేముకు రెండు వైపులా వరసగా కదుళ్లు, కదురుకో బాబిన్, బాబిన్ మీద చుట్టుకుంటూ నూలు. బాబిన్లు నిండగానే ఫ్రేము ఆపాలి. నిండినవాటిని పెరికేసి ఖాళీవి తొడగాలి. మళ్లీ ఫ్రేము తిప్పాలి. ఆ పెరకడాన్ని మిల్లులో అందరూ డాఫింగ్ అంటారు, చేసేవాళ్లు డాఫర్లు. ఎక్కణ్నించి వచ్చిందో ఎవరూ అడగరు. యంత్రంతో పాటు పెట్టెలో వచ్చిన మాట అనుకుంటారు. ఫ్రేము ఆగి ఉన్నంతసేపూ మేస్త్రీకి ప్రాణం మీదికి వచ్చినట్టుంటుంది కాబట్టి, డాఫర్ల జట్టు పరుగు మీద పని చేస్తుంది. ఆ జట్టుకు పెద్ద ఈలక్క. మెడలో తాడుకు కట్టిన ఈల ఊదిందంటే ఎనిమిది మంది ఆడవాళ్లు ఫ్రేముకు రెండు పక్కలా కమ్ముకుంటారు. కుడిచెయ్యి నిండినదాన్ని లాగుతుంది. అది తొట్టిలో పడేలోగా ఎడమచెయ్యి ఖాళీ బాబిన్‌ను కదురుకు తొడిగేస్తుంది. రెండు చేతులు, ఒకటే కదలిక. చూసేవాళ్లకు బాబిన్లు వాటంతటవే మారిపోతున్నట్టు ఉంటుంది. అలా మారుస్తూ ఇరవై ఏళ్లు గడిపిందామె.

శ్రామిక సౌందర్యం గురించి ఇక్కడో పేరా రాయడం ఆనవాయితీ. రాయదలచుకున్నవారు ముందు ఆ హాలులో ఒక షిఫ్టు నిలబడాలి. చెవులు దిబ్బెళ్లు పడతాయి, ముక్కులోకి దూది పోతుంది, ముణుకులు పీకుతాయి. ఈలక్క డిగ్రీలో చేరింది కూడా చదువు దాహంతో కాదు. మిల్లు శిక్షణ కేంద్రంలో కొత్త పిల్లలకు పని నేర్పే ఉద్యోగం ఒకటి ఖాళీ కాబోతోంది. దానికి డిగ్రీ ఉండాలన్నారు. ఆ గదిలో కుర్చీ ఉంది, కుర్చీ మీద ఫ్యాను ఉంది. "ఆ ఫ్యాను కింద కూర్చుని ఇంకోళ్లని పరిగెత్తించాలి. అదే నా ఆశయం" అని బాహాటంగా చెప్పేది.

అడ్డంగా ఉన్నదల్లా సెమినారే. అది పాసయితేనే హాల్ టికెట్. కిందటేడు 'వెండ్' అనే క్రియ మీద మాట్లాడాలని లేచి, అన్ని మొహాలూ ఒక్కసారి తనవైపు తిరిగేసరికి నాలుక పిడచకట్టి, బ్యాగు కూడా అక్కడే వదిలేసి బయటికి పరుగెత్తింది. 'వెండ్' అంటే దారిపట్టి సాగిపోవడం. అర్థం బాగానే వివరించింది అని క్లాసులో ఇప్పటికీ నవ్వుకుంటారు. రెండోసారి తప్పితే పేరు కొట్టేస్తారు, అది కాలేజీ నిబంధన. ఫ్యాను వేరేవాళ్ల నెత్తిమీద తిరుగుతుంది.

అందుకే ఆ చీటీని ఆమె లాటరీ తగిలినట్టు పట్టుకుని ఇంటికి వచ్చింది.

"ఇన్నాళ్లూ అనుకున్నాను, అది మిల్లు మాట అని. కాదట! రాజులూ రాణులూ ఉన్న నవలల్లో ఉందట!" అంది గుమ్మంలోంచే.

ఇళ్లకు రంగులు వేసే మొగుడు చేతులకు అంటిన తెల్లరంగు కిరసనాయిలుతో తుడుచుకుంటున్నాడు. "రాజులు కూడా బాబిన్లు పీకేవాళ్లా?"

"టోపీలు తీసేవాళ్లయ్యా. ఎవరైనా ఎదురుపడితే నెత్తిమీది టోపీ తీయడం. అదీ డాఫే."

"చోద్యం కాకపోతే! మనం టోపీ పెడితే మోసం, వాళ్లు టోపీ తీస్తే మర్యాద. మరి వాళ్ల మేస్త్రీలు ఎలా మోసం చేస్తారో?"

"నీ మొహం. మేడమ్ ఉదాహరణలిచ్చింది, విను."

ఈ క్రియ సంగతి కొంచెం చెప్పాలి. పాత ఇంగ్లీషులో 'డూ', 'ఆఫ్' అనే రెండు మాటలు ఒకదానికొకటి అతుక్కుని 'డాఫ్' అయింది. తీసివేయడం, విడిచివేయడం. దీనికో తోబుట్టువుంది, 'డాన్': తొడుక్కోవడం. రెండూ ఒకప్పుడు అచ్చమైన వాడుక మాటలు. తరవాత జనం వేరే మాటలకు అలవాటుపడ్డారు. డాఫ్ మాత్రం పుస్తకాల్లోకి ముడుచుకుపోయి కాస్త దర్జా తెచ్చుకుంది. మామూలు మనిషి చొక్కా విప్పితే డాఫ్ అనరు. నవలలో గుర్రం దిగిన వీరుడు కవచం విప్పితే అంటారు. కవిత్వంలో రాత్రి తన నల్లని దుప్పటిని డాఫ్ చేస్తుంది. దిగులును డాఫ్ చేసి గడప దాటినవాళ్లూ ఉన్నారు. మన దగ్గర ఒంటిమీది నగలు ఒలిచి ఇచ్చింది అన్నప్పుడు ఆ 'ఒలిచి'లో ఉన్న బరువు దానికి దగ్గరగా వస్తుంది.

మేడమ్ ఇచ్చిన కాగితాల్లోని వాక్యాలను ఈలక్క ఒకటొకటిగా చదువుకుంటూ పోయింది. నాలుగో వాక్యం దగ్గరకు వచ్చేసరికి లేచి నిలబడింది. ఆమెకు ఒక సూత్రం దొరికింది!

"అత్తయ్యా, ఇటు చూడు. సిపాయి కవచం తీశాడు, నూలు బట్టలు కట్టుకున్నాడు. మొగుడు పోయిన ఈవిడ ఏడాది తిరగ్గానే నల్లబట్టలు విడిచింది, రంగు చీర కట్టింది. రాత్రి నల్లదుప్పటి తీసింది, వెంటనే తెల్లారి ఎర్రది కప్పుకుంది. ఎక్కడ చూసినా అంతే! ఒకటి తీస్తే ఇంకోటి ఎక్కాల్సిందే. ఉత్తినే తీసి వదిలేస్తే అది డాఫే కాదు!"

అత్తగారు పీట మీద కూచుని ఉల్లిపాయలు ఒలుస్తోంది. కళ్లు తుడుచుకుని, "ఉల్లిపాయ పొట్టు తీశాను. ఇంకో పొట్టు తొడగమంటావా?" అంది.

"వంట వేరు, సాహిత్యం వేరు అత్తయ్యా."

"అలాగా. నాకేం తెలుసులే, వంట మాత్రం నా చేత చేయిస్తావు."

డాఫర్ తప్ప ఇంకెవరూ చేయలేని తప్పు అది. ఇరవై ఏళ్లుగా ఆమె కుడిచెయ్యి ఎడమచెయ్యిని వదిలి ఒంటరిగా పనిచేసింది లేదు. మిల్లులో ఖాళీ కదురు అంటే బూతుమాటతో సమానం. తీసి తొడగడం మరిచిపోతే, ఫ్రేము తిరిగాక అన్ని కదుళ్ల మీదా తెల్లగా నూలు చుట్టుకుంటుంటే ఆ ఒక్కటీ బోడిగా గిర్రున తిరుగుతూ ఉంటుంది. పైనించి దిగే పోగుకు చుట్టుకునే చోటుండదు, గాలిగొట్టం లాగేసుకుంటుంది. ఎవరి పొరపాటో ఆ వరసలో అందరికీ తెలిసిపోతుంది. ఆ భయం ఉన్న మనిషికి తీయడం, తొడగడం వేరువేరు పనులని ఎలా తోస్తుంది?

చిక్కల్లా టోపీ దగ్గర వచ్చింది. లైబ్రరీ నుంచి తెచ్చిన పాత నవలలో ఒక పొగరుబోతు జమీందారుంటాడు. ఎవరికీ తలవంచడు. చివరికి వర్షంలో, తను నాశనం చేసిన ఇంటి ముందు, ఆ ఇంటి చాకలావిడను చూసి టోపీ డాఫ్ చేస్తాడు. అంతే, అధ్యాయం అయిపోతుంది. ఈలక్క పేజీ తిప్పింది. వెనక్కి తిప్పింది. టోపీ తీశాక నెత్తిమీద ఏం పెట్టుకున్నాడు? వాన పడుతోంది కదా, తుండుగుడ్డయినా వేసుకోడా? తరవాతి అధ్యాయంలో అతను వేరే ఊళ్లో ఉన్నాడు, నెత్తి సంగతే లేదు.

"రాసినాయన మరిచిపోయాడు" అని తేల్చింది.

"మీ మేస్త్రీ ఉంటే ఊరుకునేవాడు కాదు" అన్నాడు మొగుడు.

సెమినార్‌కు ముందురోజు తను రాసిన వ్యాసం మేడమ్‌కు చూపించింది. మేడమ్ చదువుతూ చదువుతూ, తీస్తే తొడగాల్సిందే అన్న వాక్యం దగ్గర పెన్ను ఆపింది.

"తొడగడం ఎక్కణ్నించి వచ్చిందండీ? డిక్షనరీలో ఉందా?"

"డిక్షనరీలో లేదు మేడమ్, చేతిలో ఉంది."

"చేతిలో ఉన్నది మీ మిల్లు పద్ధతి. డాఫ్ అంటే తీయడం. తొడగడానికి డాన్ అని వేరే మాటుంది. మీరు రెండింటికీ ముడిపెట్టి, ఆ ముడి పడని చోట రచయితదే తప్పంటున్నారు. రేపు బయటి కాలేజీ నుంచి పరీక్షకుడు వస్తారు. ఇది చదివితే ఆయన మొదటి నిమిషంలోనే ఆపేస్తారు."

"మరి ఆ జమీందారు టోపీ తీసి ఏం చేశాడు మేడమ్?"

"తీశాడు. అంతే."

"అంతేనా?"

"అంతే! అది తీసేయండి, మిగతాది బాగుంది."

మేడమ్ చెప్పింది నూటికి నూరుపాళ్లూ నిజం. అయినా ఈలక్కకు మింగుడుపడలేదు. ఆ సూత్రం తీసేస్తే వ్యాసంలో మిగిలేది నిఘంటువులో నాలుగు ముక్కలు. వాటిని అప్పజెప్పడానికి నిలబడితే కిందటేడు లాగే మాట మధ్యలో కాళ్లు తలుపువైపు లాగుతాయని ఆమెకు బాగా తెలుసు. తనదంటూ ఒక మాట చేతిలో లేకుండా అంతమంది ముందు నిలవడం ఆమె వల్ల కాదు.

మర్నాడు మొదటి షిఫ్టు. ఈల ఊదింది, జట్టు కమ్ముకుంది, చేతులు నడుస్తున్నాయి. బుర్ర మాత్రం వానలో ఉన్న జమీందారు దగ్గరుంది. తీశాడు, అంతే. తీశాడు, అంతే. వరస చివరికి చేరి మళ్లీ ఈల వేసింది. మేస్త్రీ మీట నొక్కాడు. ఫ్రేము కదిలింది.

"ఈలక్కా!" పక్కనున్న డాఫర్ గొంతు చించుకుంది. ఆ పిల్లను అందరూ మాటలపుట్ట అంటారు. ఫ్రేముల హోరులో కూడా వినబడగల గొంతు అదొక్కటే. "ఈలక్కా, నీ వైపు! బోడిది!"

వరస నడుమ ఒక కదురు బట్టతలలా మెరుస్తూ తిరుగుతోంది. రెండు పక్కలా తెల్లటి బాబిన్లు. ఎనిమిది మందీ చూశారు. మేస్త్రీ చూశాడు.

"ఏంటమ్మా ఇది? జట్టు పెద్దవి నువ్వే ఇలా చేస్తే కొత్తోళ్లకి ఎవరు చెప్పాలి? శిక్షణ కుర్చీ కావాలంట మళ్లీ!"

ఆమెకు చెవుల దాకా వేడెక్కింది. ఆ బోడి కదురు తన తలే అయినట్టు, దాని మీద కప్పడానికి ఏదైనా, ఏదైనా సరే, దొరికితే బాగుండుననిపించింది. చెయ్యి ఖాళీ బాబిన్ల తొట్టిలోకి వెళ్లింది. అక్కడే ఆగిపోయింది.

"ఓర్నాయనో!" అంది.

"ఏమైంది, వేలు నలిగిందా?" మాటలపుట్ట పరుగెత్తుకొచ్చింది.

"జమీందారు! వాడు కావాలనే వదిలేశాడే!"

"ఏ జమీందారు? ఎవర్ని వదిలేశాడు? అయ్యో, పెళ్లాన్నా?"

"టోపీనే! తల ఖాళీగా వదిలేశాడు! అందరూ చూడాలనే! అదే, అదే..." అంటూ ఆ పిల్ల భుజాలు పట్టుకుని ఊపేసింది. మేస్త్రీ రెండోసారి అరిచాకగాని ఆ కదురుకు బాబిన్ ఎక్కలేదు.

షిఫ్టు దిగి, బట్టలు మార్చుకోకుండానే బస్సెక్కింది. సీటులో కూచుని వ్యాసంలో చివరి పేజీ చింపి, దాని వెనకవైపే కొత్తది రాసింది. కుదుపులకు అక్షరాలు అటూ ఇటూ దూకాయి. కాలేజీ మెట్లెక్కేసరికి ఆమె పేరే పిలుస్తున్నారు.

పరీక్షకుడు కళ్లజోడు ముక్కు చివర పెట్టుకుని కూర్చున్నాడు, పక్కన మేడమ్. ఈలక్క బల్ల ముందుకు వెళ్లి నిలబడింది. మొహాలన్నీ తిరిగాయి. కిసుక్కుమని ఒకరు నవ్వారు, ఆపైన పదిమంది. ఎందుకో ఆమెకు తెలియలేదు. మేడమ్ తన తల వైపు వేలు చూపించి సైగ చేసింది. మిల్లులో జుట్టు యంత్రంలో పడకుండా పెట్టుకునే నీలం గుడ్డటోపీ నెత్తిమీదే ఉంది!

నాలుక మళ్లీ పిడచకట్టడం మొదలైంది. చూపు తలుపు మీదికి పోయింది. కుడిచెయ్యి మాత్రం దాని పని అది చేసింది. టోపీని పట్టి లాగేసింది. దూది నూగు పట్టిన జుట్టు రేగిపోయి నిలబడింది. అదే ఊపులో ఎడమచెయ్యి ఖాళీగా తలదాకా లేచి, తొడగడానికేమీ లేక గాల్లో ఆగింది.

ఈలక్క తన ఎడమచేతిని తనే చూసుకుంది. నవ్వొచ్చింది.

"సార్, ఈ చెయ్యి ఏం వెతుకుతోందో చూశారా?" అంది. గొంతు వచ్చేసింది. "ఒకటి తీస్తే ఇంకోటి తొడగాలని దీని నమ్మకం. నిన్నటిదాకా నాదీ అదే నమ్మకం. డాఫ్ అంటే తీసి తొడగడమేనని రాసుకొచ్చాను. అది తప్పు. మేడమ్ నిన్ననే చెప్పారు, నేనే వినలేదు."

పరీక్షకుడు కళ్లజోడు పైకి తోసుకున్నాడు.

ఆ తరవాత ఆమె ఆగలేదు. సిపాయి కవచం, నల్లబట్టలు, రాత్రి దుప్పటి వరసగా చెప్పింది. ఇవన్నీ మార్పిళ్లు, తీసిన చోట ఇంకొకటి వచ్చి కూర్చుంటుంది. కవికి కావలసింది ఆ రంగు మారడం. టోపీ అలా కాదు. తీసిన చోట ఏదీ రాదు, రాకూడదు. ఎదుటివాడు చూస్తుండగా తల బోడిగా ఉంచుకోవడమే అక్కడ మర్యాద. వానలో జమీందారు ఆవిడకు ఇచ్చింది టోపీని కాదు, టోపీ లేని తలను. తడిసినా సరే. అందుకే రాసినాయన పేజీ అక్కడ ఆపేశాడు. తరవాత ఏం పెట్టుకున్నాడో చెబితే అంతా పాడయ్యేది.

"నేను పొద్దున ఒక కదురు ఖాళీగా వదిలేశాను సార్, పొరపాటున. ఎనిమిది మంది చూస్తుంటే చచ్చినంత పనయింది. దాన్ని ఒక మనిషి కావాలని చేస్తే ఎంత పెద్ద పనో అప్పుడు తెలిసింది."

గదిలో నవ్వు ఆగి చాలాసేపయింది. పరీక్షకుడు మాత్రం మెత్తబడే మనిషి కాదు.

"బాగానే ఉందమ్మా. కానీ దారిలో కనబడ్డ ప్రతివాడికీ అలవాటుకొద్దీ టోపీ తీసేవాళ్లున్నారు. ఎగతాళిగా తీసేవాళ్లున్నారు. వాళ్లంతా తల బోడి చేసుకుని అర్పించుకుంటున్నారా? మీ మాట ఆ ఒక్క నవలకు సరిపోతుంది, అన్నిచోట్లా సరిపోదు."

ఈలక్క ఆలోచించింది. "సరిపోదు సార్."

"మరి?"

"అన్నిచోట్లా అన్న మాట తీసేస్తాను. దాని బదులు ఇంకోటి పెట్టను."

ముందుగా నవ్వింది మేడమ్. పరీక్షకుడు నవ్వు దాచుకోవడానికి కాగితాల మీదికి వంగాడు. పాత క్రియకు పాత నిఘంటువుల ఆధారాలు చూపలేదని మార్కులు కోశాడు, చేతిరాత చూసి ఇంకొన్ని కోశాడు. కోయగా మిగిలినవి పాసుకు చాలాయి. మేడమ్ హాల్ టికెట్ పట్టీలో ఆమె పేరు ఎదుట టిక్కు పెట్టి, "జుట్టులో దూది ఉందండీ" అంది మెల్లగా.

"ఉండనివ్వండి మేడమ్!"

గేటు బయట మొగుడు స్కూటర్ మీద కాళ్లు నేలకానించి కూర్చున్నాడు. ఆమె మెట్లు దిగి వచ్చే తీరు చూసి, నోరు తెరిచి అడగకుండానే హెల్మెట్ లాగేసి రెండు చేతులా పట్టుకున్నాడు. నడినెత్తిన జుట్టు చెమటకు అతుక్కుపోయి, చెవి పైన తెల్లరంగు మరక ఒకటి మెరుస్తోంది.

"పాసేగా? చూడు, తీశాను. వెనకాల అందరూ చూస్తున్నారు కూడా." మలుపు వైపు చూసి, "ఇంక పెట్టుకోవచ్చా? మలుపులో పోలీసులున్నారే" అన్నాడు.

"ఆగవయ్యా. ఇంకొంచెంసేపు ఖాళీగా ఉండనీ" అంది ఈలక్క, వెనక సీటు ఎక్కకుండా అతని తలనే చూస్తూ.